ఆఖరి పూత

మా నాన్న తాగేవాడా, తాగేవాడు కాదా? ఈ ఒక్క సంగతి తేలక ఏళ్ళ తరబడి దేవుడి ముందు నిలబడ్డాను. మనుషుల్ని అడగలేదు. అడగక్కర్లేదు కూడా, వాళ్ళందరికీ జవాబు ముందే తెలుసు.

నాన్నది చెక్క సామాన్లకి పాలిష్ పెట్టే పని. లక్కని స్పిరిట్‌లో కరగబెట్టి, బట్టని ఉండలా చుట్టి, అందులో ముంచి, బీరువాలకీ బల్లలకీ పూత మీద పూత వేసేవాడు. ఆయన చేతిలోంచి వచ్చిన బల్లలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని కార్ఖానాలో అనేవాళ్ళు. అది పగటి మాట. పొద్దు వాలితే ఆయన ఇంకో మనిషి. పని నుంచి వస్తూ ఒక చెయ్యి గోడకి ఆనించి, కాలితో నేల తడుముకుంటూ, ఎదురొచ్చినవాళ్ళ భుజాలకి తగులుతూ నడిచేవాడు. "దారివ్వండ్రోయ్, ఉయ్యాల మేస్త్రి వస్తున్నాడు" అని వీధి చివర కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేసేవాడు. నవ్వుతూనే పక్కనున్న సైకిల్ని పడగొట్టేవాడు.

మనిషి తూలుతున్నాడు, చొక్కా స్పిరిట్ వాసనేస్తోంది. ఇంకేం కావాలి? అది పనిలో వేసుకునే చొక్కా అని అందరికీ తెలుసు. అయినా అదే సాక్ష్యం. ఆయన నోటి వాసన చూసినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

"తాగలేదే, దేవుడి మీద ఒట్టు" అనేవాడు అమ్మతో.

"తాగితే తాగారు, మధ్యలోకి దేవుణ్ణెందుకు లాగుతారు?" అనేది అమ్మ.

అక్కడే నాకు చిక్కుముడి. నాన్న చెప్పింది నిజమైతే, ఒట్టు విన్న దేవుడు ఆయన తరఫున ఒక్క మాటైనా చెప్పించడేం? అబద్ధమైతే, తన పేరు వాడుకున్నవాణ్ణి ఒక్కసారైనా దండించడేం? రెండూ చెయ్యకుండా ఊరుకున్నాడు. నేను పూజ మానలేదు. కానీ రోజూ చివర్లో ఆ ప్రశ్న ఒకటి అక్కడ పెట్టి వచ్చేదాన్ని.

ఒక ఏడు నాన్న కార్ఖానాలో మూలపడిన చిన్న అల్మారా ఒకటి భుజాన వేసుకుని తెచ్చాడు. విరిగిన కాలు అతికించి, దేవుణ్ణి పెట్టుకోమని అమ్మకిచ్చాడు. దానికి తీరిక దొరికినప్పుడల్లా పూతలు వేశాడు. ఆఖరి పూత మిగిలుండగా వానలు పట్టుకున్నాయి. "తడి గాలిలో వేస్తే తెల్లబారుతుంది. వెలిశాక వేస్తా" అన్నాడు. ఆ వానల్లోనే, ఒక సాయంత్రం, అమ్మ దీపం వెలిగించి గుమ్మం లోపల నేల మీద పెట్టింది. నాన్న స్నానం చేసి, చేతులు జోడించుకుని, దేవుడి గదిలోకి నడిచాడు. నేరుగా దీపం మీదికే నడిచాడు. నూనె ఒలికి, మంట చాప అంచుని అందుకుంది. అమ్మ తడిబట్ట వేసి ఆర్పింది. ఆర్పాక ఆయన వైపు చూసింది.

"తాగొచ్చి దేవుడి దగ్గరికొస్తారా?"

"తాగలేదే. కనపడలేదు."

"కనపడలేదా? వెలుగుతున్న దీపం కనపడలేదా?"

ఆ రోజు నుంచి ఆయన్ని దేవుడి గదిలోకి రానివ్వలేదు. ఆయన గుమ్మం బయటే నిలబడి దణ్ణం పెట్టుకునేవాడు. వానలు వెలిసిన ప్రతి ఏడూ, "ఆఖరి పూత బాకీ ఉందే" అనేవాడు. "ఆ చేతుల్తో వద్దు" అనేది అమ్మ. అల్మారా అలాగే ఉండిపోయింది. ఆ వానల్లో చెమ్మ తగిలి ఒక పక్క మసకబారింది. దాన్ని ఇంకెవరి చేతా ముట్టించలేదు అమ్మ. ఎందుకో అడిగితే, "ఉండనీ" అనేది.

ఒక సాయంత్రం నాన్న కార్ఖానా మెట్ల మీంచి పడిపోయాడు. మోసుకొచ్చినవాళ్ళలో ఒకడు ఆయన చొక్కా వాసన చూసి తల అటు తిప్పుకున్నాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఆయన్ని కాటికి సాగనంపిన రోజు అమ్మ నలుగురిలో ఏడవలేదు. ఏడవడానికి సిగ్గుపడింది.

ఇదంతా పాత సంగతి. నేను చెప్పబోయేది ఆ తర్వాత చాలా ఏళ్ళకి వచ్చిన ఒక వానాకాలం గురించి.

*

తమ్ముడు ఒక మిల్లు బస్సు నడిపేవాడు. పొద్దున్న పనివాళ్ళని ఎక్కించుకుని వెళ్ళడం, సాయంత్రం దింపడం. అమ్మా, మరదలూ, వాడి చిన్నపిల్లా పాత ఇంట్లోనే ఉండేవాళ్ళు. మాది పక్క వీధి. సాయంత్రం పూజ వేళకి నేను అమ్మ దగ్గరికి వెళ్ళడం అలవాటు.

వానలు మొదలైన కొత్తలో, ఆ వేళకి ఇంట్లో ఉండకూడని తమ్ముడు తడిసిపోయి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మరదలు తువ్వాలు పట్టుకుని నిలబడింది. అమ్మ దేవుడి గదిలోంచి బయటికి రావడం లేదు.

"ఏమైందిరా?"

"మిల్లు గేటు స్తంభానికి బస్సు రాసుకుంది అక్కా. మళ్ళీ."

"వానకి అద్దం మసకేసిందా?"

"అదే చెప్పాను. సూపర్‌వైజరు నమ్మలేదు. గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నాడు. ఊదాను."

"ఏం చూపించింది?"

"ఏమీ చూపించలేదు. అయితే మిషన్ పాడైందన్నాడు. మిషన్ బాగుందో లేదో చూద్దామని వాడే ఊదాడు. వాడికి మాత్రం గంట కొట్టింది." తమ్ముడు నవ్వబోయాడు. "నిన్నటిదట. ఏదో పెళ్ళిలో."

మరదలు పకాలున నవ్వి నోరు మూసుకుంది. నాకూ నవ్వొచ్చింది. అప్పుడు లోపల్నుంచి అమ్మ గొంతు వినపడింది.

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాయనే అనుకున్నాను తండ్రి బుద్ధులు."

తమ్ముడు తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"అమ్మా, మిషన్‌లో ఏమీ రాలేదంటున్నాడు కదా" అన్నాను.

"మిషన్లదేముంది."

"పోనీ నువ్వొచ్చి చూడు నా నోరు" అని తమ్ముడు లేచాడు. లేచినవాడు నేరుగా అమ్మ వైపే వెళ్ళాడు, మధ్యలో పాప ఆడుకుంటున్న చెక్కగుర్రాన్ని తన్నుకుని ముందుకి పడ్డాడు. చేతులు గోడకి ఆన్చి ఆగాడు. ఒక చెయ్యి గోడకి, కాలితో నేల తడుముతూ. ఆ భంగిమ నేనెరిగిందే. అమ్మ కూడా గుమ్మంలోకి వచ్చి అదే చూసింది.

అమ్మ దగ్గరగా వెళ్ళి వాడి నోటి దగ్గర మొహం పెట్టింది. అంత పెద్దవాడు పసిపిల్లాడిలా నోరు తెరిచి నిలబడ్డాడు.

"ఏమీ లేదు" అంది అమ్మ. తన మాట తనకే నచ్చనట్టు మళ్ళీ చూసింది. "ఏమీ లేదే."

*

బస్సు చేతికివ్వాలంటే కళ్ళు పరీక్ష చేయించుకుని రమ్మంది మిల్లు ఆఫీసు. అలా మేం ముగ్గురం కంటి ఆసుపత్రికి వెళ్ళాం. అమ్మని రావద్దంటే వినలేదు. "కళ్ళద్దాలు రాస్తారు, తెచ్చుకుని వచ్చేయడమే" అన్నాడు తమ్ముడు. నేను దారి పొడుగునా అదే ప్రార్థించాను. కళ్ళద్దాలే అయితే చాలు స్వామీ, ఎంత మందంగా ఉన్నా సరే.

అద్దాలతో తేలలేదు. గోడమీది అక్షరాలన్నీ వాడు చివరి వరస దాకా చదివేశాడు. మంచి చూపు అన్నారు. మా ప్రాణాలు కుదుటపడేలోపు ఇంకో గదిలోకి పంపారు. అక్కడ కంటి ఫోటోలు తీసే అమ్మాయి ఒకతి ఉంది, పాపం నవ్వుమొహం. వాణ్ణి ఒక తెల్లటి గుల్లలాంటి దాని ముందు కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చింది.

"కన్ను కదపకుండా మధ్యలో చుక్కనే చూడండి సార్. పక్కల్లో చిన్న చిన్న వెలుగులు వచ్చి పోతాయి. ఏది కనపడినా మీట నొక్కాలి. అంతే."

గది చీకటి చేసింది. మేం గోడ వారగా కూర్చున్నాం. మీట టక్కుమంది. ఇంకోసారి టక్కుమంది. ఆ తర్వాత ఏమీ లేదు.

"నొక్కండి సార్."

"వస్తే నొక్కుతానమ్మా."

ఆ అమ్మాయి తన ఎదురుగా ఉన్న తెరని చూసింది.

"వస్తున్నాయి సార్" అంది, చాలా మెల్లగా.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ చీకట్లో ఆ మాట ఎంత మెత్తగా అందో నాకు ఇప్పటికీ వినపడుతుంది. వెలుగులు వస్తూనే ఉన్నాయి. మా వాడు మీట మీద వేలు పెట్టుకుని, బుద్ధిగా, వాటి కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.

తర్వాత కళ్ళలో చుక్కలు వేసి, గడ్డం ఒక దోనె మీద, నుదురు ఒక పట్టీకి ఆనించి ఫోటోలు తీశారు. ప్రతి ఫోటోకీ తెల్లటి మెరుపు. "ఎదురుగా వచ్చే లారీలన్నీ కలిసి కొట్టినట్టుంది అక్కా" అన్నాడు, కళ్ళనీళ్ళు కారుతుంటే. ఆపైన ఆ అమ్మాయి మా వైపు తిరిగి, "డాక్టరమ్మ మీ ఇద్దరివి కూడా తియ్యమన్నారు" అంది.

"మాకెందుకమ్మా, మాకు బాగానే కనపడుతోందిగా" అంది అమ్మ.

"అందుకేనమ్మా."

డాక్టరమ్మ నడివయసు మనిషి. తొందర లేదు. తెర మీద మా ముగ్గురి ఫోటోలూ పెట్టింది. కంటి లోపల అంత అందంగా ఉంటుందని నాకు తెలీదు. నారింజ రంగు గుండ్రం, అందులో చెట్టుకొమ్మల్లా విడిపోయే ఎర్రటి నరాలు. అమ్మదీ నాదీ అలాగే ఉన్నాయి. తమ్ముడిది కూడా నడిమధ్యన అలాగే ఉంది. దాని చుట్టూ మాత్రం పెన్ను విదిలిస్తే పడ్డ సిరాలా నల్లటి మచ్చలు, అంచుదాకా.

"ఇది కంటి వెనకుండే పొర" అంది. "వెలుగుని పట్టుకునేది ఇదే. ఈ మచ్చలున్న మేర ఆ పొర పాడైపోయింది. మధ్యలో ఈ కాస్త బాగుంది, అందుకే అక్షరాలన్నీ చదివాడు. ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు. వెలుగు తగ్గితే అదీ కష్టం."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"చాలా ఏళ్ళ నుంచి మెల్లగా. అలవాటైపోతుంది, తక్కువ కనపడుతోందని తెలీదు. అందరికీ ఇంతే కనపడుతుందనుకుంటారు."

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "మందేమిటి డాక్టరుగారూ?"

"ఇప్పటికి దీన్ని ఆపే మందు నా దగ్గర లేదు నాయనా. ఉందని అబద్ధం చెప్పను. మధ్య చూపు చాలాకాలం ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. బస్సు మాత్రం ఇవాళ్టితో ఆపెయ్యాలి."

వాడు తలూపాడు. ఎవరో దారి చెబితే విన్నవాడిలా ఊపాడు.

"ఇది వంశంలో దిగే జబ్బు. ఏ దారిన దిగిందో రక్తం పరీక్ష చేసి చూస్తాం. ఈలోగా చెప్పండి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా? తండ్రిగారి చూపెలా ఉండేది?"

"బ్రహ్మాండంగా ఉండేదండీ" అన్నాను. "చెక్కమీద సన్నగీత ఉన్నా పట్టేసేవాడు."

"పగలు. సాయంత్రాలు?"

నేను నేల చూశాను. తమ్ముడు అమ్మ వైపు తిరిగాడు. చుక్కలు వేసిన కళ్ళకి అమ్మ కనపడిందో లేదో.

"సాయంత్రాలు తూలేవారు" అంది అమ్మ.

"తాగేవారా?"

"అందరూ అలాగే అనేవాళ్ళు."

'అందరూ' అంది అమ్మ. నా బతుకులో ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదలు. అంతవరకూ అది అమ్మ సొంతమాటే.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. "నేను చూడని మనిషి గురించి గట్టిగా చెప్పకూడదు" అని ఆగింది. అమ్మ చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"డాక్టరమ్మా, ఒక మాట. దీపమైనా కనపడదా? వెలిగే దీపం?"

"ఎక్కడున్న దీపం?"

"నేల మీద. గుమ్మం దాటగానే, కాళ్ళ దగ్గర."

"తలెత్తి ఎదురుగా చూస్తూ నడిచే మనిషికి కాళ్ళ దగ్గరున్నది కనపడదమ్మా. దీపమైనా అంతే. గదిలో వెలుగుందని తెలుస్తుందేమో. అదెక్కడుందో తెలీదు."

"ఆహా" అంది అమ్మ.

అంతే. సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది, తర్వాత ఇంకా లేవాల్సిన పని లేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

*

బయటికొచ్చేసరికి వాన కురుస్తోంది. "ఆస్తి పంపకం చూశావా అక్కా, నీకు చిల్లిగవ్వ రాలేదు. నాన్న మొత్తం నాకే రాసేశాడు" అన్నాడు తమ్ముడు. నేను వాడి వీపు మీద ఒకటి వేశాను. కొట్టిన చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అమ్మ వాడి రెండోవైపుకి వచ్చి మోచెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటేటప్పుడు, "గుంట ఉంది, మెల్లగా" అంది. నాన్నతో కలిసి నడిచిన ఏ సాయంత్రమూ అమ్మ ఆయన పక్కన నడవలేదు. ఎప్పుడూ కాస్త ముందు నడిచేది, తనకేం సంబంధం లేనట్టు.

మిల్లువాళ్ళు తమ్ముణ్ణి పగటిపూట సామాన్ల గదిలో పనికి పెట్టుకున్నారు. వాడు బస్సు తాళాలు ఇచ్చేసి వచ్చాడు. సూపర్‌వైజరు తనే ఇంటిదాకా వచ్చి, గుమ్మంలో నిలబడి, "నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. "మీ మిషన్ బాగైందా సార్?" అని అడిగాడు తమ్ముడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను వెళ్ళాక మరదలు వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

వాడి అసలు దిగులు వేరే ఉందని నాకు ఒక సాయంత్రం తెలిసింది. వెళ్ళేసరికి ఇంట్లో దీపాలు వెయ్యలేదు. కిటికీ తెరలు కూడా లాగేశారు. ఆ మసకలో తమ్ముడు నేలమీద కూర్చుని పాప వైపు బంతి దొర్లిస్తున్నాడు. పాప కిలకిలా నవ్వుతూ పట్టుకుంటోంది. ఒకసారి కుడివైపుకి, ఒకసారి బాగా ఎడమకి, ఒకసారి బల్ల కిందకి. దొర్లించినప్పుడల్లా ఊపిరి బిగపట్టి, పిల్ల నవ్వు వినపడగానే వదులుతున్నాడు.

"ఇప్పుడే తెలీదని డాక్టరమ్మ చెప్పింది కదరా" అన్నాను. నాన్న నుంచి దిగిందే అయితే బిడ్డకి రావడానికి ఎంత అవకాశం ఉందో, రాకపోవడానికీ అంతే ఉందని చెప్పింది ఆవిడ. కాస్త పెద్దదయ్యాక చూద్దామంది.

"తెలీదులే. ఆడుకుంటున్నాం అంతే" అన్నాడు.

ఈసారి పాప బంతిని వాడి వైపు దొర్లించింది. అది వాడి మోకాలి పక్కనుంచి పోయి ఆగింది. వాడు ఎదురుగా చేతులు చాపి తడిమాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. పాప లేచి వచ్చి, బంతి తీసి వాడి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఇక్కడే ఉంది కదా నాన్నా" అంది, విసుగ్గా.

దీపం వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. వేస్తే వాడి మొహం చూడాలి.

ఆ రాకపోకల్లో దేవుణ్ణి నేను అడగాల్సింది అడిగాను. ఇన్నాళ్ళూ సాక్ష్యం చెప్పమని వేధించాను కదా, చెప్పావు. బాగుంది. కానీ చెప్పించింది ఎవరి కళ్ళతో? ఒక మంచివాడి మాట నిలబెట్టడానికి ఇంకో మంచివాడి చూపు కావలసి వచ్చిందా నీకు? ఆయనతో మాటలు తగ్గాయి కానీ నేను దణ్ణం పెట్టడం మానలేదు. అమ్మ అయితే ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే దీపపు కుందిని నేలమీంచి తీసి, తమ్ముడు గుమ్మంలో నిలబడితే ఎదురుగా కనపడేట్టు, ఎత్తుగా ఒక బల్ల మీద పెట్టింది. తర్వాత రోజూ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసేది. వాన ఎప్పుడు వెలుస్తుందని వచ్చేపోయేవాళ్ళని అడిగేది.

"బట్టలారక కాబోలు" అనుకుంది మరదలు.

*

వానలు వెలిసి, గాలి పొడిబారిన ఒక ఆదివారం అమ్మ నాకు కబురు పెట్టింది. వెళ్ళేసరికి దేవుడి పటాలన్నీ తీసి మంచం మీద శుభ్రమైన గుడ్డలో పెట్టి ఉన్నాయి. ఖాళీ అల్మారా ముందు పరిచిన కాగితాల మీద ఒక స్పిరిట్ సీసా, కరిగిన లక్క ఉన్న డబ్బా. అమ్మ చేతిలో నాన్న చొక్కా. ఆయనవన్నీ పంచిపెట్టేశామనుకున్నాను. అది ఎక్కడ దాచిందో నాకు తెలీదు.

"కార్ఖానా నుంచి వీడి చేత తెప్పించాను" అంది, సీసా చూపించి.

"రక్తం రిపోర్టు ఇంకా రాలేదమ్మా" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి. "ఈ వారంలో వస్తుందన్నారు. అది కూడా చూసి..."

"ఆయన ఒట్టేసి చెప్పారు" అంది అమ్మ. "ఇంకా రిపోర్టెందుకురా."

చొక్కా వీపు భాగాన్ని చింపింది. లోపల దూది పెట్టి, బట్టని చుట్టి, మడతలన్నీ వెనక్కి మెలిపెట్టి ఉండ చేసింది. అచ్చం నాన్న చేసినట్టే. అంత నేర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కాక చూస్తున్నాను. ఆయన వాకిట్లో పని చేసుకుంటుంటే ఆ వాసన పడదని ముక్కు మూసుకుని లోపలికి పోయే మనిషి.

"నీకెలా తెలుసమ్మా?"

"కిటికీలోంచి కనపడేదిగా" అంది.

మసకబారిన పక్కన మొదలుపెట్టింది. చెయ్యి సున్నాలు చుడుతున్నట్టు తిరుగుతోంది. స్పిరిట్ వాసన ఇల్లంతా లేచింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నాన్న పక్కగదిలోకి వచ్చి నిలబడ్డట్టే అయింది. ఇన్నేళ్ళలో నాకాయన అంత దగ్గరికి రాలేదు. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు.

"ఆయన పోయినరోజు నేనేడవలేదు, చూశావా" అంది అమ్మ, చెయ్యి ఆపకుండా. నాతోనో, వాడితోనో.

"చూశానమ్మా."

"అందరూ చూస్తున్నారని."

కాసేపటికి అమ్మకి భుజం నొప్పెట్టింది. "ఆపకూడదు, ఆపితే బట్ట అంటుకుపోతుంది, మచ్చపడుతుంది. నువ్వు పట్టుకో రా" అని తమ్ముణ్ణి పిలిచింది. వాడు వచ్చి అమ్మ చేతి మీద చెయ్యి వేసి, ఉండ ఆగకుండా అందుకున్నాడు. నడిమి చెక్క మీద బాగానే పోతోంది వాడి చెయ్యి. అంచుల దగ్గరికొస్తే తెలీడం లేదు. అమ్మ వాడి మణికట్టు పట్టుకుంది. అంచు రాగానే మెల్లగా వెనక్కి తిప్పుతోంది. "ఇక్కడితో అయిపోయింది. ఇటు రా. ఆఁ, ఇటు." అలా ఇద్దరూ కలిసి పక్కలు, పైభాగం, తలుపులు పూర్తిచేశారు. మసక పోయి, లోపలున్న చెక్క గీతలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నాన్న వేసిన పాత పూతలన్నీ ఈ పూత కిందే ఉన్నాయి, చెక్కుచెదరకుండా.

ఆరేదాకా కూర్చున్నాం. స్పిరిట్ వాసన పోకుండా దీపం వెలిగించకూడదని అమ్మే అంది. ఆ సాయంత్రం మా ఇంట్లో దీపం ఆలస్యమైంది. పొద్దు వాలుతుంటే గది మసకబారింది. తమ్ముడు పాపని ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను పటాలు ఒక్కొక్కటీ తుడిచి అందించాను, మరదలు లోపల సర్దింది. అమ్మ తన అరచేతులు ఒకసారి మొహం దగ్గర పెట్టుకుని దించింది.

"చేతులు కడుక్కో అమ్మా, సబ్బు తెస్తాను" అన్నాను.

"ఉండనీ. ఇవాళ్టికి ఉండనీ."

వాసన పూర్తిగా పోయాక కొంగుతో చేతులు గట్టిగా తుడుచుకుని, బల్ల మీద ఎత్తుగా దీపం వెలిగించింది. అల్మారా తలుపులో ఇంకో దీపం వెలిగింది. తమ్ముడు తలెత్తి అటే చూశాడు. కనపడిందని వాడి మొహమే చెప్పింది. ఇంట్లోవాళ్ళం అందరం లోపలే ఉన్నాం. గుమ్మం ఖాళీగా ఉంది.

అమ్మ ఆ గుమ్మం వైపు తిరిగింది.

"ఆఖరి పూత అయిపోయింది. ఇక లోపలికి రండి" అని, గోడ వారకి జరిగి, తన పక్కన చోటిచ్చింది.